శిల్పం ఎవరి సొత్తు?

కావ్యానికి ఇద్దరు ప్రభువులుంటారని మన పూర్వులు భావించారు. రచించినవాడు కృతికర్త, అంకితం పుచ్చుకొన్నవాడు కృతిభర్త. మనుచరిత్రకు అల్లసాని పెద్దన కర్త, శ్రీకృష్ణదేవరాయలు భర్త. కావ్యాన్ని కన్యగా, కవిని కన్యాదాతగా, ప్రభువును వరుడుగా సంభావించిన ఆ సంప్రదాయంలో ఒక సునిశితమైన న్యాయం దాగి ఉన్నది. కన్యను పరిగ్రహించినవాడు ఆమెకు భర్త అవుతాడే గాని తండ్రి కాలేడు. రాయలు ఎన్ని అగ్రహారాలిచ్చినా, స్వయంగా గండపెండేరం తొడిగినా, మనుచరిత్రను కన్న తండ్రి పెద్దనే. ఈ భేదాన్ని మన కవులు లోకుల జ్ఞాపకశక్తికి వదలిపెట్టలేదు. అవతారికలో షష్ఠ్యంతాలతో కృతిభర్తను కీర్తించారు. ప్రతి ఆశ్వాసం చివర గద్యంలో తమ పేరూ, తండ్రి పేరూ చెప్పుకొన్నారు. కావ్యం ఎన్ని తాళపత్రాలకెక్కినా ఆ గద్య దాని వెంట నడిచింది. నకలు రాసే లేఖకుడు పద్యంలో అక్షరాలు తారుమారు చేసి ఉండవచ్చు; కర్త పేరును కొట్టివేయడం మాత్రం అరుదు.

శిల్పానికి అటువంటి గద్య లేకపోయింది. హైదరాబాదు నుండి మొయినాబాదు మీదుగా చేవెళ్ళకు సాగే దారిని గమనించండి. ఇరువైపులా వందలాది మర్రిచెట్లు గొడుగుపట్టినట్లు నిలిచి ఉంటాయి. ఆ దారిలోనూ, దానినుండి చీలి ఊళ్ళలోకి వెళ్ళే బాటల్లోనూ కూడలి వచ్చినచోటల్లా ఏదో ఒక విగ్రహం కనిపిస్తుంది. ప్రతి విగ్రహానికీ ఒక దిమ్మె, దిమ్మెకొక రాతిపలక. దానిమీద ఆవిష్కరించినవారి పేరు, అధ్యక్షత వహించినవారి పేరు, విశిష్ట అతిథుల పేర్లు, దాతల పేర్లు, తేదీ వరుసగా చెక్కి ఉంటాయి. షష్ఠ్యంతాలన్నీ ఉన్నాయి, గద్య ఒక్కటే లేదు. జిల్లాకే ఒక మనిషి పేరు పెట్టుకొన్న ప్రాంతం మనది. మొయినాబాదు మండలంలోని పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి గారి పేరు 1978లో కొత్త జిల్లాకు పెట్టుకొన్నాం. పేరుకు ఇంత విలువనిచ్చే మనం విగ్రహాన్ని మలచినవాని పేరును ఎందుకు మరచిపోతున్నాం?

హుసేన్ సాగర్ నడుమ నిలిచిన బుద్ధవిగ్రహం సంగతే తీసుకొందాం. దానిని ఎవరు నిలబెట్టదలచారని తరగతిలో అడిగితే ఎన్.టి. రామారావు గారి పేరు వెంటనే వినిపిస్తుంది. చెక్కినదెవరు అని అడిగితే తరగతి నిశ్శబ్దమవుతుంది. భువనగిరి సమీపంలోని రాయగిరి వద్ద ఏకశిలను ఎంపికచేసి, ఎందరో శిల్పులను వెంటబెట్టుకొని ఆ మూర్తిని తీర్చినవారు ఎస్.ఎం. గణపతి స్థపతి. సుమారు 58 అడుగుల ఎత్తు, 300 టన్నులకు పైబడిన బరువు. 1990 మార్చి 10న పడవ మీద తరలిస్తుండగా విగ్రహం నీటిలో మునిగిపోయింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్ళకు పైగా తథాగతుడు సాగర గర్భంలోనే శయనించాడు. 1992 డిసెంబరు 1న పైకి తెచ్చి నిలబెట్టారు. ఈ మునక కథ ఊరూరా తెలుసు. స్థపతి పేరు తెలియదు. తెలిసినవారిలోనూ కొందరు కన్యాకుమారి తీరంలోని తిరువళ్ళువర్ విగ్రహానికి కర్త ఈయనే అనుకొంటారు. ఆయన వి. గణపతి స్థపతి, వేరొక మహాశిల్పి. ఒకే పేరుగల ఇద్దరు కవులు ఉంటే వారు భిన్నులా, అభిన్నులా అని మా పరిశోధకులు వందల పుటలు నింపుతారు. ఇద్దరు శిల్పులు కలగాపులగమైపోయినా ఎవరికీ నిద్రాభంగం కాలేదు.

ఇంతకూ ఆ బుద్ధుడు ఎవరి సొత్తు? తొందరపడి ప్రభుత్వానిదనో ప్రజలదనో చెప్పివేయవచ్చు. కాని ప్రజల మధ్య నిలిచిన శిల్పంలో ఒకటి కాదు, మూడు సొత్తులున్నాయి: రాయి, రూపం, పేరు. రాయి కొన్నవానిది. దాని విషయంలో పెద్ద వివాదం లేదు. రూపం సంగతి అంత సులభం కాదు. మన కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. అది శిల్పాన్ని కళాకృతిగా గుర్తించి, సాధారణంగా దాని రూపంపై హక్కును శిల్పికి ఇచ్చింది. ఆయన జీవితకాలమూ, ఆ పైన 60 సంవత్సరాలూ ఆ హక్కు నిలుస్తుంది. దీనికి నమోదు కూడా తప్పనిసరి కాదు. కృతి పుట్టగానే హక్కు పుడుతుంది. శిల్పమంటే పూర్తయిన విగ్రహం మాత్రమే కాదు, దాని పోతలూ నమూనాలూ కూడా అందులోకే వస్తాయి. అయితే ప్రభుత్వం తన ఆదేశంతో, తన అజమాయిషీలో చేయించిన కృతి విషయంలో వేరే ఒప్పందం లేనిపక్షంలో తొలి హక్కుదారు ప్రభుత్వమే. విగ్రహం కొన్నంతమాత్రాన రూపంపై హక్కు కొన్నట్లు కాదు. ఆ హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి. ఊరి పెద్దలు చందాలు పోగుచేసి విగ్రహం చేయించేటప్పుడు ఈ మాట తలచేవారు బహు కొద్దిమంది.

ఇక్కడ నాకు ఆనందవర్ధనుడు గుర్తుకు వస్తాడు. తొమ్మిదవ శతాబ్దికి చెందిన ఈ కాశ్మీర ఆలంకారికుడు ధ్వన్యాలోకం చివరి భాగంలో కావ్యాల మధ్య కనిపించే పోలికలను మూడు విధాలుగా విభజించాడు. అద్దంలోని ప్రతిబింబం వంటిది మొదటిది. చిత్తరువు వంటిది రెండవది. ఇద్దరు మనుషుల దేహాలలో కనిపించే పోలిక వంటిది మూడవది. మొదటి రెండూ కవికి త్యాజ్యాలన్నాడు. మూడవది తప్పు కాదన్నాడు. పోలిక ఉన్నా ఎవరి ప్రాణం వారికి ఉన్నది కనుక.

విగ్రహాల నకళ్ళకు ఈ కొలబద్ద ఎంత చక్కగా అమరుతుందో చూడండి. ఒకరి విగ్రహం మీద అచ్చు తీసి మరొక విగ్రహం పోతపోస్తే అది ప్రతిబింబం. ఛాయాచిత్రమో వర్ణచిత్రమో గీస్తే అది ఆలేఖ్యం. మన చట్టం ప్రతిబింబం విషయంలో ఆనందవర్ధనునితో ఏకీభవించింది. ఆలేఖ్యం విషయంలో విభేదించింది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నెలకొన్న శిల్పాన్ని ఎవరైనా చిత్రించవచ్చు, ఫోటో తీయవచ్చు, ప్రచురించవచ్చు, చలనచిత్రంలో చూపవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కాని హక్కు కాలం తీరకముందు ఆ శిల్పానికి అచ్చుగుద్దినట్లు మరొక శిల్పం చేయాలంటే హక్కుదారు అనుమతి కావలసిందే. ఈ విషయంలో నేను అలంకారశాస్త్రాన్ని కాక చట్టాన్నే సమర్థిస్తాను. నలుగురి కంటి ఎదుట నిలిపిన దానిని చూసి గీసుకొనే స్వేచ్ఛ నలుగురికీ ఉండాలి.

ఆ స్వేచ్ఛ లేకపోతే ఏమవుతుందో డెన్మార్కు దేశం చూపింది. కోపెన్‌హేగెన్ తీరంలో 1913 నుండి ఒక చిన్న జలకన్య విగ్రహం కూర్చొని ఉన్నది. శిల్పి ఎడ్వర్డ్ ఎరిక్సన్ 1959లో మరణించాడు. అక్కడి చట్టం ప్రకారం ఇంకా కొన్ని సంవత్సరాలు హక్కు ఆయన వారసులదే. బెర్లింగ్‌స్కె అనే పత్రిక 2019లో ఆ విగ్రహాన్ని వ్యంగ్యచిత్రంగా వేసింది. 2020లో దానికి మూతిగుడ్డ తగిలించినట్లు ఫోటో ప్రచురించింది. వారసులు దావా వేశారు. కింది న్యాయస్థానాలు పత్రికకు పరిహారం విధించగా, 2023లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానం దానిని తోసిపుచ్చింది. శిల్పి కన్నుమూసిన అరవైనాలుగేళ్ళ తరువాత, ఊరందరూ రోజూ చూసే బొమ్మను పత్రికలో వేసినందుకు వ్యాజ్యం! శిల్పి పక్షాన మాట్లాడే నాకు కూడా ఇది మితిమీరినట్లే తోచింది.

ఇక మూడవ పోలికకు ఉదాహరణ అమెరికాలో దొరుకుతుంది. న్యూయార్కులోని స్వేచ్ఛామూర్తి 1886లో ఆవిష్కృతమైనది. శిల్పి బార్తోల్డి 1904లో మరణించాడు. దాని రూపంపై ఎవరికీ హక్కు మిగలలేదు. లాస్ వేగాస్‌లోని ఒక హోటలు ముందు రాబర్ట్ డేవిడ్‌సన్ అనే శిల్పి దానికి ప్రతిరూపం నిర్మించాడు. 2010 డిసెంబరులో అమెరికా తపాలాశాఖ స్వేచ్ఛామూర్తి బిళ్ళను విడుదల చేసింది. తీరా చూస్తే ఆ బిళ్ళమీద ఉన్నది న్యూయార్కు మూర్తి కాదు, లాస్ వేగాస్ మూర్తి! డేవిడ్‌సన్ న్యాయస్థానానికి వెళ్ళాడు. తాను ముఖాన్ని మక్కికి మక్కిగా దింపలేదనీ, కొత్త కళతో తీర్చాననీ ఆయన వాదన. 2018లో న్యాయస్థానం దానిని అంగీకరించి 35 లక్షల డాలర్లు చెల్లించమన్నది. నకలులో సైతం ప్రాణం ఉండవచ్చునని ఒప్పుకొన్న తీర్పు అది. తుల్యదేహి న్యాయం సముద్రం దాటి వెళ్ళి నెగ్గిందని నాబోటి వాళ్ళు సంతోషపడవచ్చు.

నకలు అనగానే చులకన చేయనవసరం లేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కాను చూడని విహారయాత్ర మన కళాశాలల్లో ఉండదు. పాలరాయిని పలుచని వస్త్రంగా మార్చిన ఇటలీ శిల్పి బెంజోని అదే రూపాన్ని పలుమార్లు స్వయంగా మలిచాడు. అమెరికా మ్యూజియంలలోనూ ఆ రెబెక్కాలు ఉన్నాయి. మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్నది వాటిలో ఒకటి. అన్నీ బెంజోనివే, అన్నిచోట్లా ఆయన పేరు ఉన్నది. కనుకనే అక్కడ ఎవరికీ అన్యాయం జరగలేదు.

రాయి, రూపం కాక మూడవదైన పేరు దగ్గరకు వద్దాం. రూపంపై హక్కును అమ్ముకొన్న తరువాత కూడా కర్త దగ్గరే మిగిలే సొత్తు ఇది. కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షను దీనిని రక్షిస్తున్నది. ఈ కృతి నాది అని చెప్పుకొనే హక్కు. తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా దానిని వికృతపరచినప్పుడు అడ్డుకొనే హక్కు. న్యాయకోవిదులు వీటిని నైతిక హక్కులంటారు. మన దేశంలో వీటికి ప్రాణం పోసిన వ్యాజ్యం అమర్‌నాథ్ సెహగల్‌ది. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ కోసం కేంద్రప్రభుత్వం కోరగా ఆయన ఒక బృహత్తరమైన కంచు కుడ్యశిల్పాన్ని రూపొందించాడు. 140 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తు. మన రైతుల, స్త్రీల, శ్రామికుల జీవితం అందులో పోతపోసుకొన్నది. 1979లో మరమ్మతుల పేరిట దానిని ఊడదీసి, ముక్కలు చేసి గిడ్డంగిలో పడవేశారు. శిల్పికి ఒక్క మాటైనా చెప్పలేదు. మొరపెట్టుకొని ఫలితం లేక ఆయన 1992లో హైకోర్టుకు వెళ్ళాడు. 2005 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ప్రభుత్వం డబ్బిచ్చి కొన్నది గనుక ఏమైనా చేయవచ్చునన్న వాదన నిలవలేదు. మిగిలిన శకలాలను శిల్పికి అప్పగించమనీ, 5 లక్షల రూపాయలు పరిహారం ఇవ్వమనీ న్యాయస్థానం ఆదేశించింది. కృతిభర్త కన్యను హింసిస్తే తండ్రి వచ్చి అడగవచ్చునని దీని తాత్పర్యం. భవనాల విషయంలో మాత్రం న్యాయస్థానం ఇంతదూరం రాలేదు. 2017లో ఢిల్లీ ప్రగతి మైదానంలోని హాల్ ఆఫ్ నేషన్స్‌ను కూల్చివేసినప్పుడు దాని వాస్తుశిల్పి రాజ్ రేవాల్ న్యాయం కోరాడు. యజమాని తన కట్టడాన్ని పూర్తిగా కూల్చుకొంటే ఆపలేమని 2019లో హైకోర్టు తేల్చింది. వికృతపరచడం నేరమై, సమూలంగా నిర్మూలించడం నేరం కాకపోవడం వింతగా తోస్తుంది. ఈ వింత మీద ఇంకా చర్చ జరగవలసి ఉన్నది.

మనకు దగ్గరలోనే రూపంపై మరొక ప్రశ్న తలెత్తింది. ఉద్యమకాలంలో బి.వి.ఆర్. చారి రూపకల్పనతో వెలసిన తెలంగాణ తల్లి కిరీటంతో, ఒక చేత మొక్కజొన్న కంకితో, మరొక చేత బతుకమ్మతో ఊరూరా నెలకొన్నది. 2024 డిసెంబరు 9న సచివాలయ ప్రాంగణంలో ప్రభుత్వం వేరొక రూపాన్ని ఆవిష్కరించింది. ఆకుపచ్చ చీర, కిరీటం లేని శిరస్సు, కుడిచేత అభయముద్ర, ఎడమచేత పంటల కంకులు. ఆచార్య గంగాధర్ రూపకల్పన చేయగా రమణారెడ్డి మలిచిన ఆ మూర్తినే అధికారిక రూపంగా ఉత్తర్వు వెలువడింది. ఏ తల్లి మేలన్నది ఈ పాఠానికి సంబంధించిన విషయం కాదు. ఒక కృతిభర్త తన కొలువులో ఏ మూర్తిని నిలుపుకోవాలో నిర్ణయించుకోవచ్చు. ఊళ్ళలో అంతకుముందే నిలిచిన మూర్తులకు కూడా ఒక కర్త ఉన్నాడన్న సంగతి మాత్రం ఏ ఉత్తర్వుతోనూ మారదు.

నా వాదనకు ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది. మన ఊళ్ళలో అంబేడ్కర్ విగ్రహాలను చూడండి. నీలిరంగు కోటు, ఒక చేత రాజ్యాంగ గ్రంథం, ముందుకు చాచిన కుడిచేతి చూపుడు వేలు. చేయి చాచి నిలిచిన ఆ భంగిమకు ప్రసిద్ధమైన రూపం పార్లమెంటు ఆవరణలో 1967 ఏప్రిల్ 2న ఆవిష్కృతమైన విగ్రహం, శిల్పి బి.వి. వాఘ్. ఆ వేలు అక్కడి నుండి బయలుదేరి దేశంలోని లక్షల వాడలకు చేరింది. ప్రతి ఊరివారూ అనుమతి అడిగి, రుసుము చెల్లించి విగ్రహం పెట్టుకోవాలంటే ఎన్ని వాడలలో అంబేడ్కర్ నిలిచి ఉండేవాడు? కూలిడబ్బులో పదీ ఇరవై తీసి ఇచ్చినవారి విగ్రహం అది. దాని ముందు హక్కుపత్రం చాచి నిలబడడం నాకు సమ్మతం కాదు. అటువంటి రూపాలపై రుసుము విడిచిపెట్టడమే ఉచితం. అయితే రుసుము వేరు, పేరు వేరు. పేరు చెక్కించడానికి ఏ పేదవాడకూ అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు. ఆవిష్కర్తల పేర్ల కోసం ఎలాగూ రాతిపలక తెస్తూనే ఉన్నారు.

భారతీయ శిల్పి పేరు కోరలేదు, తన్ను తాను దైవానికి అర్పించుకొన్నాడు అని మరికొందరు అంటారు. వినడానికి ఇంపుగా ఉండే ఈ మాట పూర్తిగా నిజం కాదు. బేలూరు శిల్పాల కింద దాసోజుడు తన పేరు చెక్కుకొన్నాడు. హొయసల ఆలయాలలో మల్లితమ్మ పేరు పదేపదే కనిపిస్తుంది. పట్టదకల్లు విరూపాక్షాలయ శాసనం దానిని నిర్మించిన అనివారితాచారి గుండుని బిరుదులతో సహా కీర్తించింది. మన పాలంపేటలో 1213 నాటి శాసనం ఆలయం కట్టించిన రేచర్ల రుద్రుని ప్రశంసించింది. జనం మాత్రం దానిని రామప్ప గుడి అన్నారు. రామప్ప శిల్పి పేరని జనశ్రుతి. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కినప్పుడు కూడా ఆ గుడి పేరులో రామప్ప నిలిచాడు. శిల్పికి పేరక్కరలేదన్నది శిల్పి అన్నమాట కాదు, శిల్పం చేయించుకొన్నవారు అన్నమాట.

పేరు లేనప్పుడు రూపం సైతం ఎలా అనాథ అవుతుందో మొయినాబాదు మండలంలోనే చూడవచ్చు. ఎనికెపల్లి చెరువు తూములో ఇమిడిపోయిన రెండు చదరపు స్తంభాలను 2023లో పురావస్తు పరిశోధకులు గుర్తించారు. నాలుగు ముఖాలా తీర్థంకరులు. తెలుగు కన్నడ లిపిలో శాసనం. చిలుకూరు పరిసరాలలో ఒకప్పుడు వర్ధిల్లిన జైన బసదికి చెందినవనీ, 9, 10 శతాబ్దుల నాటివనీ వారి అభిప్రాయం. ధ్యానముద్రలోని జినులు ఎన్నో ఏళ్ళు నీళ్ళకు అడ్డురాళ్ళయ్యారు. తూము కట్టినవారిని నిందించలేము. వారికి అవి గట్టి రాళ్ళు మాత్రమే. వాటిని ఒకరు చెక్కారని చెప్పేవారు వారి చుట్టూ ఎవరూ మిగలలేదు.

ఇప్పుడు విగ్రహం తయారయ్యే తీరు ఈ సమస్యను మరింత జటిలం చేస్తున్నది. మొదట శిల్పి మట్టితో నమూనా చేస్తాడు. దానిమీద ప్లాస్టరు అచ్చు తీస్తారు. ఆ అచ్చులో ఫైబరో, సిమెంటో, మైనపు పద్ధతిలో కంచో పోస్తారు. మట్టి కరిగిపోతుంది, అచ్చు మిగులుతుంది. అచ్చు ఎవరి చేతిలో ఉంటే వారు నూరు విగ్రహాలు తీయవచ్చు. ముఖ్యమైన శ్రమంతా మట్టి దగ్గర జరిగినా, రాబడి మాత్రం అచ్చు దగ్గరే వస్తుంది. ఫ్రాన్సు దేశంలో ఒక నమూనా నుండి తీసిన కంచు పోతలలో 12 మాత్రమే మూలకృతులనీ, తక్కినవి నకళ్ళనీ నియమం ఉన్నది. మన దగ్గర అటువంటి లెక్క కనిపించదు.

కనుక పంచాయతీ గాని, పురపాలక సంఘం గాని, యువజన సంఘం గాని కొత్త విగ్రహం చేయించేటప్పుడు ఒక కాగితం రాసుకోవాలి. అచ్చు ఎవరి వద్ద ఉండాలి, ఎన్ని పోతలు తీయవచ్చు, విగ్రహాన్ని తరలించవలసి వస్తే శిల్పికి ఎవరు కబురు పెట్టాలి అన్న మూడు సంగతులు అందులో ఉంటే చాలు. రోడ్డు విస్తరణ కోసం విగ్రహాలను పక్కకు జరపడం ఈ దారిలో కొత్త కాదు గనుక మూడవది మరీ అవసరం. ఇక రాతిపలక. అతిథుల పేర్లు పదిహేను ఉన్నచోట పదహారవ పంక్తికి జాగా దొరకకపోదు. శిల్పి పేరు, ఊరు, సంవత్సరం. నకలైతే మూలశిల్పి పేరు కూడా. ఇప్పటికే నిలిచిన విగ్రహాలకు ఈ పంక్తి చేర్చాలంటే ముందు ఆ పేర్లు కనుక్కోవాలి. చేవెళ్ళ, మొయినాబాదు మండలాలలో విగ్రహాలు చేయించిన పెద్దలు చాలామంది ఇంకా ఉన్నారు. బిల్లులు, రసీదులు కొందరి పెట్టెల్లో ఉండే ఉంటాయి. వేసవి సెలవులలో మన విద్యార్థులు ఊరికిద్దరు చొప్పున బయలుదేరితే ఆ పని ఒక్క నెలలో ముగుస్తుంది.